సందర్భమెరిగిన మీట

మన శాస్త్రకారులు శబ్దార్థ నిర్ణయాన్ని గురించి చెప్పేటప్పుడు ఒక చిన్న ఉదాహరణ చూపుతూ ఉంటారు. యజమాని సేవకుణ్ణి పిలిచి "సైంధవం తీసుకొని రా" అన్నాడు. సైంధవమంటే ఉప్పు; సింధుదేశపు గుర్రమూ సైంధవమే. యజమాని విస్తరి ముందు కూర్చొని ఆ మాట అంటే ఉప్పు తేవలె. ప్రయాణసన్నద్ధుడై వాకిట నిలుచొని అంటే గుర్రాన్ని తేవలె. మాట ఒక్కటే, పలికిన గొంతు ఒక్కటే. మారినది సందర్భం మాత్రమే. భోజనాల వేళ గుర్రాన్ని తోలుకొని వచ్చిన సేవకుడికి భాష రాదని ఎవరూ అనరు. సమయం తెలియదని అంటారు.

పాతికేండ్లుగా ఈ ఉదాహరణను తరగతిలో చెబుతున్నాను. విద్యార్థులు నవ్వుతారు, వారితోపాటు నేనూ నవ్వుతాను. అటువంటి సేవకుణ్ణే ఒకణ్ణి నా చేతులారా తయారుచేసుకొని, నా బల్లమీదనే కూర్చోబెట్టుకొని, వాడిచేత భోజనం వేళ గుర్రాన్ని తెప్పించుకొన్న వైనాన్ని ఇప్పుడు పాఠకులకు మనవి చేస్తాను. ఇందులో నవ్వవలసినది కొంత ఉన్నది. నవ్వరానిది కూడా కొంత ఉన్నది.

కొంతకాలంగా ఒక పాత వచన గ్రంథానికి శుద్ధప్రతి సిద్ధం చేసుకొంటున్నాను. అచ్చుపుటల ఛాయాచిత్రాలనుండి అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చి ఇచ్చే సాధనాలు ఇప్పుడు తెలుగుకు కూడా ఉన్నవి. వాటి పని మెచ్చుకోదగినదే. కాని పుటలో పంక్తి ఎక్కడ విరిగినదో అక్కడే విరగగొట్టి మన చేతిలో పెడతవి. పుటకు 30 పంక్తులుంటే 30 ముక్కలు. వాటిని అతికి వాక్యాలుగా చేయడానికి ప్రతి పంక్తికీ మూడు మీటలు నొక్కవలె: పంక్తి చివరకు పోవడానికి ఎండ్, కింది పంక్తిని పైకి లాగడానికి డిలీట్, రెండు మాటల నడుమ ఎడం కోసం స్పేస్. 300 పుటల గ్రంథానికి 9,000 పంక్తులు; అంటే 27,000 నొక్కులు. ఈ వయస్సులో ఈ వ్రేళ్ళు అంత పనికి ఒప్పుకోవు.

నా దగ్గర చదువుకొని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకొంటున్న శిష్యుడొకడు ఒకనాడు ఇంటికి వచ్చి నా అవస్థ చూశాడు. "ఎందుకండీ మాస్టారూ ఇంత శ్రమ? ఈ మూడు మీటల పనీ ఒక్క మీటకు అప్పగించేయండి" అన్నాడు. అప్పగించడానికి సాధనం కూడా వాడే చెప్పాడు. దాని పేరు ఆటోహాట్‌కీ. విండోస్ యంత్రాలమీద పనిచేసే ఈ సాధనాన్ని క్రిస్ మాలెట్ అనే ఆయన 2003లో వెలువరించాడు. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు. లోపలి నిర్మాణాన్ని కూడా ఎవరైనా చూసుకోవచ్చు. పాత పద్ధతులను చాలా మటుకు సంస్కరించిన 2.0 రూపం 2022 డిసెంబరులో వచ్చింది. నేను చెప్పేది ఆ కొత్త రూపాన్ని గురించే.

దీనిలో మనం చేయవలసినదల్లా ఒక కాగితంమీద రాసుకొన్నట్లుగా సాదా పాఠంలో ఆజ్ఞలు రాసి పెట్టడం. దానినే స్క్రిప్టు అంటారు. ఎడమవైపున మీట పేరు, ఆ తరువాత నాలుగు చుక్కలు, అనగా రెండు జంట చుక్కలు, కుడివైపున చేయవలసిన పని. కంట్రోలు మీటకు ఒక గుర్తు, ఆల్ట్‌కు ఒక గుర్తు, షిఫ్ట్‌కు కూడిక గుర్తు, విండోస్ మీటకు హాష్ గుర్తు. నేను ఎఫ్ 8 మీటను ఎంచుకొన్నాను. ఎఫ్ 8 నొక్కితే ఎండ్, డిలీట్, స్పేస్ మూడూ వరుసగా జరిగిపోవలె. పాత అచ్చులో మాట నడుమనే పంక్తి విరిగిన చోట్ల ఎడం అక్కరలేదు గనుక, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే స్పేస్ లేకుండా మొదటి రెండే జరగవలె. రెండు పంక్తుల స్క్రిప్టు. పావుగంటలో పని ముగిసింది. ఆ సాయంకాలం 40 పుటలు అతికాను. దీనిని ఇంగ్లీషులో షార్ట్‌కట్ అంటారు. మనవారి మాటలో దగ్గరదారి. ఇంత దగ్గరదారి ఉండగా ఇన్నాళ్ళూ చుట్టుతిరుగుడు తిరిగానే అని నన్ను నేనే నిందించుకొన్నాను.

ఆ దగ్గరదారి అడ్డదారి కావడానికి రెండు వారాలు పట్టింది.

అవి డిగ్రీ విద్యార్థుల ఇంటర్నల్ పరీక్షల రోజులు. ఉత్తరపత్రాలు దిద్ది, మార్కులను కంప్యూటరులోని పట్టికలో నింపి పంపవలె. నేను తెరమీద ఎడమవైపున నా గ్రంథం, కుడివైపున మార్కుల పట్టిక పెట్టుకొని, ఇది విసుగు పుట్టినప్పుడు అది, అది విసుగు పుట్టినప్పుడు ఇది చేసుకొంటూ పోయాను. పట్టిక పూర్తి చేసి పంపించాను. వారం తరువాత నోటీసు బోర్డుమీద జాబితా వేశారు. మరి నాలుగు రోజులకు ఒక అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, నాకు ఆబ్సెంట్ అని పడిందండీ. నేను పరీక్ష రాశానండీ."

ఆ క్షణాన నేను అన్న మాట ఇక్కడ దాచుకోను. "చూసి వేసిన మార్కులమ్మా. కంప్యూటరులో ఉన్నది ఊరికే పోదు. తేదీ ఏమైనా పొరపాటు పడ్డావేమో గుర్తు తెచ్చుకో" అన్నాను. ఆ అమ్మాయి తల వంచుకొని వెళ్ళిపోయింది. తరువాతి గంట పాఠం చెబుతున్నంతసేపూ ఆ వంచిన తల నా కండ్ల ముందు కదలుతూనే ఉన్నది. సాయంకాలం బీరువా తీసి ఉత్తరపత్రాల కట్ట విప్పాను. అమ్మాయి పత్రం ఉన్నది. దానిమీద ఎర్రసిరాతో, నా దస్తూరీతోనే, 20కి 17 వేసి ఉన్నది.

ఇంటికి పోయి పట్టిక తెరిచాను. ఆ అమ్మాయి పేరు ఎదుట గడి ఖాళీ. పరిశీలనగా చూస్తే పూర్తిగా ఖాళీ కూడా కాదు. దానిలో ఒక స్పేస్ ఉన్నది. కంటికి కనిపించని ఆ ఎడమే నాకు దారి చూపింది. పట్టికకు ఒక నకలు తీసి, ఒక గడిమీద నిలిచి, ఎఫ్ 8 నొక్కాను. ఎండ్ మీట అక్కడ ఒంటరిగా గడిని కదల్చదు. డిలీట్ ఆ గడిలోని అంకెను తుడిచివేసింది. స్పేస్ వచ్చి అంకె ఉన్న చోట కూర్చొన్నది. నా కన్ను ఎడమవైపు గ్రంథంమీద ఉన్నది. యంత్రం దృష్టి కుడివైపు పట్టికమీద ఉన్నది. గ్రంథంలో పంక్తులు అతకలేదేమా అని మౌసుతో దానిమీద నొక్కి మళ్ళీ మీట నొక్కి ఉంటాను; పంక్తులు అతికి ఉంటవి; నా పని నేను చేసుకొని పోయి ఉంటాను. అంతలోనే ఒక విద్యార్థిని పరీక్షకు రాకుండా పోయింది!

యంత్రాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. "ఎఫ్ 8 నొక్కితే ఈ మూడు పనులు చేయి" అని నేను చెప్పాను; చేసింది. ఎక్కడ చేయవలెనో చెప్పలేదు. కనుక అన్నిచోట్లా చేసింది.

తెలుగు వ్యాకరణం చదువుకొన్నవారికి గసడదవాదేశం తెలిసినదే. 'వాడు' అనే ప్రథమాంతంమీద 'కొట్టె' వస్తే 'వాడు గొట్టె' అవుతున్నది. అక్కడ ప్రథమ అనే షరతును తీసివేసి, కకారం గకారమవుతుందని మాత్రమే శాసించి ఉంటే మన భాష గతి ఏమి కావలె? కాకి గాగి అయ్యేది, తల దల అయ్యేది, పాలు వాలు అయ్యేవి. మార్పు ఏమిటో చెప్పడం సూత్రంలో సగమే. ఆ మార్పు ఏది పరమైనప్పుడు, దేనిమీద, ఏ చోట అని చెప్పడం తక్కిన సగం. పదిమంది పిల్లలచేత ఈ మాటను వల్లె వేయించిన నేను నా స్క్రిప్టులో మొదటి సగమే రాసి సూత్రం పూర్తి అయినదనుకొన్నాను.

ఈ తక్కిన సగం రాయడానికి ఆటోహాట్‌కీలో చక్కని ఏర్పాటు ఉన్నది. హాష్ గుర్తు పెట్టి, దాని వెంట హాట్‌ఇఫ్ అని రాసి, పక్కన ఒక షరతు పెట్టవలె. ఎక్కువగా పెట్టే షరతు విన్‌యాక్టివ్, అనగా ఫలానా విండో ఇప్పుడు ముందున్నదా అనే ప్రశ్న. ఉన్నదంటే దాని కింద రాసిన మీటలు మన ఆజ్ఞ ప్రకారం నడుస్తవి. లేదంటే మన ఆజ్ఞ అసలు లేనట్లే. ఆ మీట తన సహజమైన పనిని తాను చేసుకొని పోతుంది. ఈ చివరి మాట ముఖ్యమైనది. షరతు నెరవేరనప్పుడు మీట చచ్చిపోదు, తన స్వధర్మానికి తిరిగి పోతుంది.

సంస్కృత వ్యాకరణంలో అధికార సూత్రాలని ఉన్నవి. అధికార సూత్రం తానుగా ఏ కార్యాన్నీ విధించదు. తన కిందికి వచ్చే సూత్రాలన్నిటిలోను తన మాటను చొప్పిస్తూ పోతుంది, తన అవధి ముగిసేదాకా. హాట్‌ఇఫ్ అచ్చంగా అటువంటిదే. అది ఒక్క మీటకు కాదు, తన దిగువనున్న మీటలన్నిటికీ వర్తిస్తుంది. మరొక హాట్‌ఇఫ్ వస్తే దాని అధికారం మొదలవుతుంది. షరతేమీ లేకుండా ఉత్త హాట్‌ఇఫ్ అని రాస్తే అధికారం అక్కడితో ఆగిపోతుంది. నేను మొదట ఈ ముగింపు రాయడం మరచిపోయాను. ఎక్కడైనా పనిచేయవలెనని దిగువన రాసుకొన్న అరసున్న మీట, బండి ర మీట రెండూ గ్రంథపు విండోలో తప్ప మరెక్కడా పలకకుండా పోయినవి. తాళం లేని తలుపుతో పడిన బాధ చాలక, రెండు తాళాలు ఎక్కువ వేసుకొన్న బాధ కూడా పడ్డాను.

విండోను గుర్తుపట్టడం ఎట్లా అన్నది తరువాతి ప్రశ్న. మొదట తోచేది, విండో నెత్తిన కనిపించే పేరు. పేరును నమ్ముకోవడంలో చిక్కు ఉన్నది. 2.0 రూపంలో మనం ఇచ్చిన మాట ఆ పేరులో ఎక్కడ ఉన్నా సరిపోయినట్లే లెక్క. 'ప్రబంధం' అన్న మాట పెట్టుకొంటే, ప్రబంధ గ్రంథపు విండో దొరుకుతుంది. 'ప్రబంధం పేపరు మార్కులు' అనే పట్టిక కూడా దొరుకుతుంది. ఊళ్ళో రామారావుగారి ఇల్లు అని అడిగితే నలుగురు రామారావులు బయలుదేరినట్లు! అందుచేత పేరుకన్న, ఆ విండోను నడుపుతున్న ప్రోగ్రాము ఏదో చెప్పడం మేలు. ఒకే ప్రోగ్రాములో రెండు రకాల పనులు చేసేవారు పేరునూ ప్రోగ్రామునూ రెంటినీ కలిపి చెప్పవచ్చు. ఇంటిపేరూ ఊరిపేరూ కలిపి చెప్పినట్లు. ఈ వివరాలన్నీ చూపే విండో స్పై అనే చిన్న సాధనం ఆటోహాట్‌కీతోపాటే వస్తుంది. కావలసిన విండోను ముందుకు తెచ్చుకొంటే దాని పేరు, తరగతి, ప్రోగ్రాము అన్నీ చదివి పెడుతుంది.

ఇక ఒకే మీటకు వేరు వేరు చోట్ల వేరు వేరు పనులు చెప్పవచ్చు. ఇప్పుడు నా ఎఫ్ 8 గ్రంథపు విండోలో పంక్తులు అతుకుతుంది. బ్రౌజరులో నిఘంటువు తెరిచి, వెదికే గడిలో నిలిచి నొక్కితే, అందులోని పాత మాటను తీసివేసి నేను నకలు తీసుకొని వచ్చిన మాటను పెడుతుంది. ఉప్పు, గుర్రం రెండూ ఒక్క సైంధవంలోనే! ఇట్లా రెండు మూడు ఆజ్ఞలు ఒకేసారి వర్తించే పరిస్థితి వస్తే ఏది నెగ్గుతుంది? పాణినీయంలో సమబలం గల రెండు సూత్రాలు తారసపడితే తరువాతిదానికి పెద్దరికం. ఇక్కడ పద్ధతి తలక్రిందులు: షరతులున్న వాటిలో స్క్రిప్టులో ముందు రాసినదే నెగ్గుతుంది. కాని ఒక విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. సామాన్య విధి విశేష విధికి దారి ఇవ్వవలె. ఏ షరతూ లేని ఆజ్ఞ స్క్రిప్టులో ఎంత పైన ఉన్నా సరే, షరతు నెరవేరిన ఆజ్ఞ ముందు తలవంచుతుంది. ఉత్సర్గాపవాద న్యాయం తెలిసినవారికి దీనిని వేరుగా బోధించవలసిన పని లేదు.

ఈ సదుపాయం ఒక్క విండోస్‌కే పరిమితం కాదు. మాక్ యంత్రాలలో కారబైనర్ ఎలిమెంట్స్, లినక్స్‌లో ఆటోకీ అనేవి ముందున్న ప్రోగ్రామునో విండోనో బట్టి మీటల అర్థాన్ని మార్చగలవు. సాధనాల పేర్లు వేరు. అడిగే ప్రశ్న ఒకటే: నీవు ఇప్పుడు ఎక్కడ ఉన్నావు?

ఆ ప్రశ్నకు యంత్రం దగ్గర ఎప్పుడూ సరియైన సమాధానమే ఉంటుంది. పొరపడేది మనం. ఒకే మీట సందర్భాన్ని బట్టి మారడంలో ఈ అపాయం ఉన్నదని పెద్దలు చాలాకాలం క్రిందటనే గుర్తించారు. అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో 1970లలో బ్రావో అనే రచనాసాధనం ఉండేది. అందులో అక్షరాల మీటలే ఒక స్థితిలో అక్షరాలు, మరొక స్థితిలో ఆజ్ఞలు. ఆజ్ఞల స్థితిలో ఉన్నానని తెలియక ఎవరైనా 'ఎడిట్' అనే మాటను టైపు చేస్తే, ఇ అన్నదానికి పాఠమంతా ఎంపికై, డి అన్నదానికి తుడిచిపెట్టుకొని పోయి, ఐ అన్నదానికి కొత్త రాత మొదలై, చివరకు టి అనే ఒక్క అక్షరం మిగిలేదని ఆ వృత్తివారు ఇప్పటికీ కథగా చెప్పుకొంటారు. అక్కడే పనిచేసిన లారీ టెస్లర్, ఈనాడు మనమంతా వాడే కట్, కాపీ, పేస్టు పద్ధతికి ఆద్యులలో ఒకడు, ఇటువంటి స్థితిభేదాలే వద్దని జీవితమంతా వాదించాడు. తన కారు నంబరు పలకమీద కూడా 'నో మోడ్స్' అని రాయించుకొన్నాడు. ఆయన 2020లో కన్నుమూశాడు.

టెస్లర్ వాదాన్ని నేను పూర్తిగా అంగీకరించలేను. స్థితిభేదమే లేకపోతే సైంధవానికి ఒక్క అర్థమే ఉండవలె, భాషకు ఆ దారిద్ర్యం పనికిరాదు. కాని ఆయన భయాన్ని మాత్రం అంగీకరిస్తాను. సేవకుడికి సందర్భం తెలిస్తే చాలదు. తాను ఏ సందర్భంలో ఉన్నాడో యజమానికి కూడా తెలియవలె. అందుకని నా స్క్రిప్టులో మరొక ఆజ్ఞ చేర్చాను. మార్కుల పట్టిక ముందున్నప్పుడు ఎఫ్ 8 నొక్కితే ఏ పనీ జరగదు. మౌసు గుర్తు పక్కన 'ఇది మార్కుల పట్టిక' అనే చిన్న చీటీ ఒక క్షణం కనిపించి మాయమవుతుంది. ఈ నెలరోజులలో ఆ చీటీని నేను ఐదుసార్లు చూశాను. ఐదుసార్లూ నా కన్ను మరొక చోట ఉన్నది.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. మరునాడు ఉత్తరపత్రం పట్టుకొని పరీక్షల విభాగానికి పోయి, తప్పు నాదని రాసి ఇచ్చి, 17 వేయించాను. కట్టలోని పత్రాలన్నిటినీ పట్టికతో మళ్ళీ సరిచూశాను. మరెవరిదీ పోలేదు. ఆ అమ్మాయిని పిలిచి, తరగతి అందరి ఎదుటనే, "నీవు చెప్పినదే నిజమమ్మా, నేనే చూసుకోలేదు" అన్నాను.

"పరవాలేదు సార్" అన్నది. కొంచెం ఆగి, "జాబితా చూసిన రోజునే వద్దామనుకొన్నానండీ. అడిగితే ఏమంటారోనని నాలుగు రోజులు భయపడ్డాను" అన్నది.

ఆ నాలుగు రోజులకు ఏ స్క్రిప్టులోనూ పరిహారం లేదు. ఆ ఐదవ రోజున కూడా భయమే గెలిచి ఉంటే ఆ గడిలోని ఎడం ఎప్పటికీ ఎడంగానే ఉండిపోయేది. అందుకని ఇప్పుడు మార్కులు పంపే ముందు పట్టికను తరగతిలో పైకి చదువుతున్నాను. పది నిమిషాలు పడుతుంది. దగ్గరదారి కాదు; అయినా ఆ దారినే పోతున్నాను.